సాయంత్రపు కొలతలు

పిర్మాజెన్స్, 1996 అక్టోబరు 8, మంగళవారం

ఇవాళ తొందరపడి ఒక మాట ఇచ్చాను. రాసి ఉంచడం మంచిది.

మూడున్నరకు ఎదురింటి గాబి తన కూతురు స్వెన్యాను నా బూట్ల దుకాణానికి తీసుకొని వచ్చింది. బూట్ల కర్మాగారం మూతపడినప్పటి నుంచి గాబి రొట్టెల బట్టీలో తెల్లవారుజాము పని చేస్తున్నది. మధ్యాహ్నానికి విడుదల. జుట్టులో ఇంకా పిండి ఉన్నది. పిల్లకు ఐదేళ్లు. రెండు పాదాలూ చదునే. ఎడమది మరీ ఎక్కువ: నిలబడితే మడమ బయటికి వాలిపోయి, లోపలి చీలమండ నేల మీదికి దిగివస్తుంది. నడిస్తే నొప్పి. డాక్టర్ గేర్లైన్ రాసిన చీటీలో రెండు కాళ్లకూ అచ్చు తీసి చేసిన, బూటు లోపల పెట్టే ఇన్‌సోళ్లు, మడమను గట్టిగా పట్టే ఎత్తు బూట్లు అని ఉంది. దాని కిందనే మరో వాక్యం: క్రిస్మస్ లోపల నొప్పి తగ్గకపోతే ఎడమ కాలికి ఈస్టర్ దాకా పిండికట్టు.

గాబి ఆ వాక్యాన్ని వేలితో చూపించింది.

"కట్టు పడిందంటే దీన్నెవరు మోస్తారు రోసి గారూ? అమ్మకి నడుం నొప్పి, రోజంతా మొయ్యలేదు. మా ఆయన లారీ మీద నెలకి రెండుసార్లు కనిపిస్తే గొప్ప. వచ్చే వేసవి దాటితే బడిలో వెయ్యాలి. ఒక కాలు కర్రలా పెట్టుకుని వెళ్తుందా?"

"కట్టు దాకా రానివ్వను" అన్నాను.

ఇదీ ఆ మాట. చేతిపని చేసేవారు గడువులు చెప్పవచ్చు, ఫలితాలు చెప్పకూడదు. తెలిసే చెప్పాను.

మెత్తటి నురుగు నింపిన పెట్టెలో పాదం ముద్ర తీస్తుంటే పిల్ల కిలకిల నవ్వింది. "రోసత్తా, నా కాలు కేకు తింటోంది!" మంచి పిల్ల. ఎడమ చీలమండ నా చేతికి కొంచెం వెచ్చగా తగిలింది. ఉన్ని మేజోళ్లు.

వెళ్లేటప్పుడు గాబి అడిగింది: "అమ్మ ఒకటే పోరు పెడుతోంది, దీన్ని పొద్దున పూట మీకు చూపించమని. కావాలంటే తనే తీసుకొస్తుందిట."

పొద్దున వద్దన్నాను. రాత్రంతా పడుకున్న పాదం పొద్దున ముడుచుకొని ఉంటుంది. రోజంతా తిరిగిన తరువాతనే నిండుతుంది. పొద్దుటి పాదానికి కుట్టిన బూటు సాయంత్రానికి కరుస్తుంది. మూడు గంటలకు ముందు మా నాన్న ఎవరి పాదమూ కొలవలేదు, నేనూ కొలవను. ఈ ఊరిలో బూట్లు కుట్టేవారెవరూ కొలవరు. గేర్లైన్ కూడా పాదాల నొప్పుల పిల్లలను సాయంత్రమే రమ్మంటారు. ఆ అలవాటు ఆయనకు మా ఊరు నేర్పినదే.

అక్టోబరు 15

పాదముద్రలలో పోసిన పిండి అచ్చులు ఆరాయి. ఎడమ అచ్చును అరచేతిలో పెట్టుకొని చాలాసేపు చూశాను. అరికాలి ఒంపు ఉండవలసిన చోట పలకంత చదును. ముందుగా కార్క్ బెరడు, మడమ చుట్టూ లోతైన గిన్నె, ఒంపు కింద మెత్తటి ఆసరా. ఒంపును పైకి నెట్టకూడదు, పైకి పిలవాలి. అన్నిటికన్నా పైన దూడతోలు. ఇంత చిన్న కాలికి అర మిల్లీమీటరు తేడా కూడా పెద్ద తేడాయే. సానరాయి దగ్గర మూడుసార్లు ఆపి, మళ్లీ మొదలుపెట్టాను.

ఇటువంటి పని దొరికిన రోజున భోజనం గుర్తుండదు.

అక్టోబరు 22, మంగళవారం

తొడిగి చూశాము. పాత బూట్లలోనే ప్రస్తుతానికి. దుకాణం ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచింది, తిరిగి వచ్చింది. మడమ నిలువుగా నిలిచింది. నొప్పి ఉందా అంటే "కొంచెం, కానీ ఎక్కువ కాదు" అన్నది. బాగానే ఉంది.

వెళుతూ కుడి భుజాన్ని తలుపు చెక్కకు కొట్టుకుంది. ఏడవలేదు. కొత్త ఎత్తు అలవాటయ్యేవరకు పిల్లలు ఇలాగే తూలుతారు.

అక్టోబరు 24

ఎడమ ఇన్‌సోల్ కింద ఒక పొర తగ్గించాను. ఇక తూలదు.

అక్టోబరు 29

ఇవాళ గాబికి బదులు ఆమె తల్లి ఎర్నా వచ్చింది. ఎదురిల్లే అయినా నెల తరువాత కనిపించింది.

"ఏమే రోసీ, నీ గడియారం మూడు కొట్టేదాకా మమ్మల్ని వాకిట్లో నిలబెడతావేం? సంతకొచ్చిన పశువులమా?"

"రా, కూర్చో. నీకూ కొలుస్తాను."

"నా కాళ్లా! అవి ఎప్పుడో రాజీనామా ఇచ్చేశాయి. ముందు దీని సంగతి చూడు. పొద్దున్నే రాణీగారికి పల్లకీ కావాలి. మంచం దిగదు. 'కాళ్లు ఇంకా లేవలేదు అమ్మమ్మా' అంటుంది. నేను లేచానుగా, నీ కాళ్లకేం పొయ్యేకాలమే అంటాను. చంకనేసుకుని స్నానానికి, చంకనేసుకుని కుర్చీకి, బండిలో తోసుకుంటూ బాలవాడికి. పది కొట్టిందా, ఇంక చూడు, మేకపిల్ల! వాళ్లమ్మ ఇంటికొచ్చేసరికి వీధంతా దీనిదే. గాబి నా మాట నమ్మదు."

"నాటకం కాదు" అన్నది స్వెన్యా, నేల మీద కూర్చుని మేకుల డబ్బా సర్దుతూ.

"చూశావా, పేరు కూడా అదే పెట్టింది."

నవ్వాను. ఎర్నా మాటలకు నవ్వకుండా ఉండడం కష్టం.

పిల్ల దుకాణంలో చక్కగా నడిచింది. బాగానే ఉంది. ఎర్నా వెళ్లిన తరువాత ఒక విషయం మనసులో మెదిలింది. చదును పాదాల నొప్పి నడిచే కొద్దీ పెరుగుతుంది. పొద్దున తక్కువ, సాయంత్రానికి ఎక్కువ. ఈ పిల్లకు తలకిందులుగా ఉన్నది. కొందరు పిల్లలలో...

మడమ గిన్నె అంచుకు మైనం పట్టించాను.

నవంబరు 4

డాక్టర్ గేర్లైన్ వేరే పని మీద ఫోన్ చేసి, చివరన ఎప్పటిలా నన్ను ఇంటిపేరుతో పిలుస్తూ అడిగారు: "ఆ గాబి పిల్ల ఎలా ఉంది ఎబ్లింగ్ గారూ?"

"మెరుగుగా ఉంది డాక్టరుగారూ."

"నొప్పి?"

"తగ్గుతోంది."

పొద్దుటి సంగతి చెప్పవచ్చును. మూడేళ్ల కిందట ఒక పిల్లవాడి తుంటి గురించి నాకు తోచింది చెప్పబోతే, ఆయన ఎంతో మర్యాదగా, "మీరు చెక్క అచ్చులు చూసుకోండి, ఎముకలు నేను చూసుకుంటాను" అన్నారు. ఆ పిల్లవాడి విషయంలో ఆయన మాటే నిజమయింది. అప్పటి నుంచి అడిగినదానికే జవాబు చెబుతున్నాను. పైగా ఇప్పుడు అనుమానాలు పెడితే ఆయన చేసేది ఒకటే. పిండికట్టు.

నవంబరు 11, సోమవారం

మార్టిన్ పండుగ. చీకటి పడగానే పిల్లలందరూ కాగితపు లాంతర్లు పట్టుకొని కొండ మీది వీధి గుండా ఊరేగారు. స్వెన్యా చేతిలో నక్క బొమ్మ లాంతరు. గాబి పక్కనే నడుస్తున్నది, నేను వెనుక. నేను చూడవలసింది ఆ పాదాలను. రాళ్లు పరచిన ఎగుడుదిగుడు దారిలో కూడా ఎడమ మడమ వాలలేదు. ఒప్పుకోక తప్పదు, గర్వపడ్డాను.

మలుపు దగ్గర పిల్ల నేరుగా ఇనుప స్తంభానికి కొట్టుకుంది. కుడి వైపు. లాంతరు నలిగి కాగితానికి నిప్పంటుకుంది. గాబి కాలితో తొక్కి ఆర్పింది.

"కళ్లు నెత్తి మీద పెట్టుకున్నావా?"

"నేనేం చెయ్యలేదమ్మా. స్తంభమే వచ్చింది."

వెనుక ఉన్న తల్లులు నవ్వారు. పిల్ల కూడా చివరకు నవ్వింది.

చీకటి. జనం. చేతిలో ఊగే దీపం. ఎవరైనా తగులుతారు.

నవంబరు 14

కుడి ఇన్‌సోల్ కూడా ఒక పొర తగ్గించాను. తప్పు కుడి వైపు కూడా ఉండవచ్చు.

నవంబరు 19, మంగళవారం

కొత్త ఎర్ర బూట్ల కోసం చివరి కొలత. ఎడమ చీలమండ చుట్టుకొలత అక్టోబరు కన్నా ఒక సెంటీమీటరు ఎక్కువ వచ్చింది. పిల్ల పెరుగుతున్నది.

కుడిది పెరగలేదు. తరువాత పెరుగుతుంది.

గాబి ముఖం వాడిపోయి ఉంది. "బట్టీలో అందరూ అడుగుతున్నారు, బాలవాడి దగ్గర మీ అమ్మాయి కుంటుతోందేమని. నేను చూసేటప్పుడు కుంటట్లేదే! నాకేమన్నా పిచ్చా రోసి గారూ?"

"నా దగ్గరా కుంటడం లేదు" అన్నాను.

ఇద్దరికీ ఊరటగా అనిపించింది.

నవంబరు 26

పిల్లకు బూటు తాడు కట్టుకోవడం నేర్పుదామని కూర్చున్నాను. చేతులు చురుకైనవి. కానీ తాడు కొసను బూటు కన్నంలో పెట్టబోతే ప్రతిసారీ పక్కకు పోతున్నది. ముఖాన్ని కుడివైపుకు తిప్పి, వాలుగా చూస్తూ ప్రయత్నించింది.

"కన్నం కదులుతోంది రోసత్తా."

"కన్నం కదలదు తల్లీ. నువ్వే కదులుతున్నావు."

"సరే, నేనే కదులుతున్నాను" అన్నది, పెద్దవాళ్ల తగవు తీర్చినట్టు.

కన్నాల చుట్టూ ఇత్తడి వలయాలు పెద్దవి వేశాను. చిన్న పిల్లలకు అవే నయం.

ఎడమ చీలమండ వెచ్చదనం అలాగే ఉంది. ఈసారి ఉన్ని మేజోళ్లు లేవు.

డిసెంబరు 3

ఎర్ర బూట్లు పూర్తి. నేను ఇంత మంచి జత చేసి చాలా కాలమయింది. గేర్లైన్ పదిహేడవ తేదీన పిల్లను చూస్తారు. అప్పటికి ఈ బూట్లలో రెండు వారాలు నడిచి ఉంటుంది. నొప్పి లేదని పిల్ల తన నోటితో చెబితే పిండికట్టు మాట ఉండదు.

ఎర్నా వచ్చి బూట్లు చూసి ఒక ఆలోచన చెప్పింది. శుక్రవారం నికోలాస్ పండుగ. ఆ రోజు పొద్దున్నే పిల్లలు తమ బూట్లలో మిఠాయిలు వెతుక్కుంటారు. "పాత బూట్లు గురువారం రాత్రి నేను దాచేస్తాను. నువ్వు తెల్లవారకముందే వచ్చి ఈ కొత్తవి నింపి పెట్టేసెయ్. నికోలాస్ బూట్లతో సహా తెచ్చాడనుకుంటుంది. ఆ ఒక్క రోజైనా పల్లకీ లేకుండా పరిగెత్తుకొస్తుందిలే, చూద్దువుగాని."

నాకు నచ్చింది.

డిసెంబరు 6, శుక్రవారం

వరుసగా రాస్తాను. వరుస తప్పితే రాయలేను.

చీకటి ఉండగానే వెళ్లాను. గాబి అప్పటికే బట్టీలో ఉంది. ఎర్నా తలుపు దగ్గరగా వేసి ఉంచింది. బూట్లలో అక్రోట్లు, నారింజలు, చాక్లెట్ నికోలాస్ పెట్టి, మెట్ల కింద కుడి చేతి వైపు గోడ దగ్గర ఉంచాము. దీపం వేసి, మేమిద్దరం వంటగది గుమ్మం వెనుక నిలబడ్డాము. ఎర్నా చిన్నపిల్లలా నోరు మూసుకొని నవ్వుతున్నది.

పై నుంచి గొంతు వినిపించింది. "అమ్మమ్మా! వచ్చి వెళ్లాడా?"

ఎర్నా జవాబు చెప్పలేదు. నన్ను మోచేత్తో పొడిచింది.

అడుగుల చప్పుడు కోసం చూశాను. రాలేదు. మెత్తగా ఏదో నేలకు తగిలిన చప్పుడు వచ్చింది. కాసేపటికి మళ్లీ. పిల్ల పిర్రల మీద కూర్చుని ఒక్కొక్క మెట్టూ దిగుతున్నది. ఎడమ కాలు కట్టెలా ముందుకు చాచి ఉంది. దానికి ఏదీ తగలకుండా రెండు చేతులతో ఒంటిని ఎత్తి, కింది మెట్టు మీదికి దించుకుంటున్నది. ముఖమంతా నవ్వే. ఎవరూ చూడడం లేదనుకుంటున్న పిల్ల, మిఠాయి కోసం ఎంత వేగంగా దిగగలదో అంత వేగంగా దిగుతున్నది.

ఎర్నా నవ్వు ఆగిపోయింది.

కిందికి వచ్చి కొయ్య స్తంభం పట్టుకొని లేచింది. ఎడమ మడమ నేలకు ఆనలేదు. మోకాళ్ల మీద పడి, అలాగే పాకుతూ వాకిలి వైపు వెళ్లింది. బూట్లు కుడి పక్కన చేతికి అందేంత దూరంలో ఉన్నాయి. వాటిని దాటిపోయింది. వాకిలి దగ్గర ఆగి, పాత బూట్లు ఉండే ఎడమ మూల చూసింది.

"రాలేదు" అన్నది తనలో తను. "నాకు పెట్టలేదు."

తరువాత ముఖమంతా తిప్పి వెనక్కి చూసింది. "ఓ! ఇప్పుడొచ్చాయి!"

ఎర్నా నా మణికట్టు పట్టుకుంది. గోళ్లు దిగాయి. "రోసీ... ఎప్పుడూ నేనే ఎత్తుకుని దింపుతాను కదే. దిగడం ఎన్నడూ చూడలేదే."

వెళ్లి పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. ఎడమ చీలమండను రెండు చేతులలోకి తీసుకున్నాను. అప్పుడే బట్టీలో నుంచి తీసిన రొట్టెలా వేడిగా, ఉబ్బి ఉంది. కదిలించబోయాను. కదలలేదు. సాయంత్రం పూట నా చేతులలో అటూ ఇటూ తిరిగే మడమే ఇది.

"ఇంకా లేవలేదు రోసత్తా. కొత్త బూటు వేస్తే లేస్తుందా?"

వేయలేదు. ఎత్తుకొని కుర్చీలో కూర్చోబెట్టాను.

ఎనిమిదింటికి గేర్లైన్‌కు ఫోన్ చేశాను. అడగని విషయాలన్నీ చెప్పాను: మంచం దిగకపోవడం, పదింటికి సర్దుకోవడం, వేడి, వాపు, ఒక సెంటీమీటరు. ఆయన మధ్యలో ఒక్కసారి కూడా అడ్డురాలేదు.

"పొద్దున బిగుసుకుపోవడం ఎప్పటినుంచి?"

"వేసవి నుంచేనట. ఇప్పుడే ఎర్నా చెప్పింది."

"నేనూ దాన్ని ప్రతిసారీ నాలుగింటికే చూశాను" అన్నారు.  "ఇది ఒట్టి పాదం సంగతి కాదు ఎబ్లింగ్ గారూ. కీళ్లవాతం. పసిపిల్లలకీ వస్తుంది. పిండికట్టు వేసి ఉంటే ఆ కీలు అలాగే అతుక్కుపోయేది. ఇవాళే పిల్లల ఆసుపత్రికి పంపండి, నేను మాట్లాడతాను. కళ్లు కూడా ఇవాళే చూపించాలి."

"కళ్లా?"

"ఈ వాతం కొందరు పిల్లలకి కంటిలోకి దిగుతుంది. ఎర్రబడదు, నీరు కారదు, నొప్పి ఉండదు. పిల్ల చెప్పదు. అందుకే వెతకాలి."

 తలుపు చెక్క గురించి చెప్పాను. స్తంభం గురించి చెప్పాను. కన్నం కదులుతోందన్న మాట చెప్పాను. అన్నీ కుడి వైపే అని చెప్పాను.



"నేనే కారులో తీసుకెళ్తాను" అన్నారాయన. "తల్లిని పిలిపించండి."

డిసెంబరు 7

నిన్నటి మిగిలిన భాగం.

నేనూ వెళ్లాను. పెద్దాసుపత్రి కంటి విభాగంలో చీకటి గది. గాబి ఒంటి మీద ఇంకా పిండి అంటిన పనిగుడ్డలే. డాక్టరమ్మ పిల్ల గడ్డాన్ని యంత్రం మీద పెట్టించి, సన్నటి వెలుతురు గీతను కుడి కంట్లోకి పంపింది. చాలాసేపు చూసింది.  తరువాత ఎడమది చూసింది. అది ఇంకా ఎక్కువసేపు చూసింది.

చివరకు గాబికి చెప్పింది. కుడి కంట్లో వాపు చాలా కాలంగా ఉంది. కంటిపాప, దాని వెనుక ఉన్న కటకానికి అతుక్కుపోయింది. గుండ్రంగా ఉండవలసింది పురుగు కొరికిన ఆకులా ఉంది. వెనుక పొర మసకబారింది. వెలుతురు, చెయ్యి ఊపితే ఆ నీడ, అంతే తెలుస్తున్నాయి. చూపు ఎంత తిరిగి వస్తుందో చెప్పలేదు. ఎడమ కంట్లో కూడా మొదలయింది, ఇప్పుడే. దాన్ని పట్టుకోగలమని ఆశ.

డాక్టరమ్మ పిల్ల ఎడమ కంటిని మూసి అడిగింది: "ఈ కన్నుతో ఎప్పటినుంచి కనపడట్లేదు బంగారం?"

స్వెన్యాకు ప్రశ్న అర్థం కాలేదు. "ఇది చూసే కన్ను కాదుగా. ఇది పడుకునే కన్ను."

"మరి నాకెందుకు చెప్పలేదే?" అన్నది గాబి.

"నీకూ ఒకటి ఉంటుందిగా అమ్మా."

గాబి గోడ వైపు తిరిగింది. నేను పిల్ల కోటు పట్టుకొని నిలబడ్డాను. ఏ చేతిలో పట్టుకున్నానో, ఎంతసేపు పట్టుకున్నానో గుర్తు లేదు.

డిసెంబరు 9

దుకాణం తెరవలేదు.

డిసెంబరు 12, గురువారం

ఎర్నా వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"చీలమండలోకి సూదిమందు ఎక్కించారు. మత్తిచ్చి. గంటగంటకీ కళ్లలో చుక్కలు. గాబి అక్కడే ఉంది."

"ఎర్నా, నేను..."

"నువ్వుండు. ముందు నన్ను తిట్టుకోనీ. నాటకాలన్నాను. రాణీగారన్నాను. ఒకరోజు విసుగేసి, మంచం మీదే వదిలేసి కిందికొచ్చేశాను. ఆకలేస్తే అదే దిగొస్తుందిలే అని. గంట తర్వాత నేనే వెళ్లి ఎత్తుకున్నా. అప్పుడు కూడా నవ్వింది నా తల్లి." చేతి వెనుకతో ముఖం తుడుచుకుంది. "సరే, నాది అయింది. ఇప్పుడు నీది. పొద్దున పూట చూడమని నీకు కబురు పెట్టించాను కదే. గాబి చెప్పిందా లేదా?"

"చెప్పింది."

"మరెందుకు చూడలేదు?"

"పొద్దుటి కాలు కొలతకు పనికిరాదని."

ఎర్నా నన్ను అలాగే చూసింది. కోపం ఉంటుందనుకున్నాను, లేదు. అది ఉన్నా బాగుండేది.

"నేను కొలవమనలేదు రోసీ. చూడమన్నాను."

ఆమె వెళ్లిన తరువాత గోడకు వేలాడుతున్న అచ్చులను చూశాను. ఈ ఊరి పిల్లల పాదాలు, పేర్లతో సహా. అన్నీ నిండుగా ఉన్నాయి, అన్నీ సాయంత్రపువే. వాటిలో ఎవరెవరు ఉన్నారో ఒక్కొక్కటిగా గుర్తు చేసుకోవడం మొదలుపెట్టాను. కొన్ని పేర్ల దగ్గర ఆగాను.

డిసెంబరు 17

ఇవాళ గేర్లైన్ దగ్గర స్వెన్యాకు ఉన్న సమయంలో వేరే పిల్ల వెళ్లి ఉంటుంది. ఆయన మధ్యాహ్నం ఫోన్ చేశారు. చీలమండ వాపు సగానికి తగ్గిందట. ఎడమ కన్ను గురించి నేను అడిగాను.

"ఇంకా చెప్పలేరట" అన్నారు.

డిసెంబరు 24

గాబి పిల్లను ఇంటికి తెచ్చింది. కిటికీలో వాళ్ల దీపాలు కనిపిస్తున్నాయి. వెళ్లలేదు.

1997 జనవరి 9

గాబి ఎదురుపడింది. తప్పించుకోవాలని చూశాను, ఆమె దారికి అడ్డం నిలబడింది.

"దాని చీలమండ సన్నబడింది రోసి గారూ. ఎర్ర బూట్లలో ఇన్‌సోల్ వదులైపోయి కాలు జారుతోంది. పాదాలు ఇంకా చదునేగా, అవేం మారలేదు. మళ్లీ చేస్తారా?"

"వేరే ఎవరైనా..."

"వేరే ఎవరూ వద్దు. దానికి మీరే కావాలిట. నేనూ అడిగాను, ఎందుకే అని. రోసత్త చేతులు వెచ్చగా ఉంటాయంది." గాబి నవ్వలేదు. "ఎప్పుడు రమ్మంటారు?"

"నిద్ర లేవగానే" అన్నాను.

జనవరి 14, మంగళవారం

ఏడు గంటలకు ఎర్నా పిల్లను తీసుకొని వచ్చింది. వీధిలో ఇంకా చీకటి. చంకన లేదు, బండిలో లేదు. చేయి పట్టుకొని నడిచింది. కొంచెం బిగుసుకొని నడిచింది, కానీ మడమ ఆనించి నడిచింది. నేను గుమ్మంలో నిలబడి చూశాను. కొలిచే పట్టీని జేబులో నుంచి తీయలేదు. బల్ల వరకు, తిరిగి గుమ్మం వరకు, మళ్లీ బల్ల వరకు నడిపించాను. మెట్టు ఎక్కించాను, దింపించాను. నేల మీద కూర్చోబెట్టి లేవమన్నాను. ఆ తరువాత చీలమండను చేతులలోకి తీసుకున్నాను. గోరువెచ్చన. కదిలింది, చివర కొంచెం బిగువు మిగిలింది.

"ఎంతసేపు పట్టింది ఇవాళ, మంచం దిగడానికి?" ఎర్నాను అడిగాను.

"పాలు కాగేంతసేపు."

నురుగు పెట్టెలు రెండు జతలు తీశాను. ఒకటి ఇప్పుడు, ఒకటి సాయంత్రం. 

పిల్ల పెట్టెలో పాదం పెట్టి తల ఎత్తింది. కళ్లలో వేసిన చుక్కల వల్ల దీపం వెలుతురుకు కళ్లు చికిలించుకుంటున్నది. నేను కుడి వైపు ఉన్నానని గమనించి ఎడమకు జరిగాను. గాబి నిన్ననే చెప్పింది: ఎడమ కంట్లో వాపు ప్రస్తుతానికి నిలిచింది. నాలుగు వారాలకొకసారి చూపించాలి. ఏళ్ల తరబడి. ఎప్పుడైనా మళ్లీ రావచ్చు.

"రోసత్తా, అమ్మ రోజూ నా కళ్లలోకి చూస్తోంది. దగ్గరికొచ్చి ఊపిరి కూడా తీసుకోదు. అమ్మమ్మ కూడా. నువ్వూ ఇప్పుడు అలాగే చూస్తున్నావు."

"చూడకూడదా?"

"చూడు. కానీ భయపడకు." బరువంతా ఎడమ కాలి మీద వేసి, నురుగులోకి జాగ్రత్తగా దిగింది. "ఈ కన్ను కూడా పడుకోబోతుంటే నేను ముందే చెప్తాగా."

"చెప్పు తల్లీ" అన్నాను.

దీపాన్ని దగ్గరికి జరిపి చూశాను. ఎడమ కన్ను తెల్లగుడ్డు పాలలా ఉంది, ఎక్కడా ఒక్క ఎర్రటి జీర కూడా లేదు. కుడిదీ అంతే తెల్లగా ఉంది.